అదనుకు బస్తా దొరకాలంటే దుకాణంలో ఎంత నిల్వ ఉండాలి?

‘‘యూరియా ఉన్నదా సేఠూ?’’

‘‘నిన్ననే ఒడిసింది బావా, ఎల్లుండి రా.’’

పెద్దవంగర, తొర్రూరు చుట్టుపక్కల వానకాలంలో ఈ మాట విననోళ్లు తక్కువ. 2025 ఆగస్టులో అయితే మహబూబాబాద్ జిల్లా రైతులు తెల్లవారకముందే చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టి కాచుకున్నారు. ఆ ఏడు కొరత రాష్ట్రమంతటా ఉన్నది. పైనుంచి రాని సరుకును దుకాణదారు ఎక్కడినుంచి తెస్తాడు? అయితే లారీలు సక్రమంగా వచ్చే ఏడు కూడా సరిగ్గా అదనుకే బస్తా దొరకకపోవడం ఉన్నది. దానికి కారణం వేరే.

మన దగ్గర పత్తీ ఉన్నది, వరీ ఉన్నది. పత్తికి విత్తిన 20, 40, 60, 80 రోజులకు నత్రజని వేయాలంటారు. జూన్ నడుమ పెట్టిన పత్తికి 60 రోజులంటే ఆగస్టు నడుమ. జూలై ఆఖరులో నాటేసిన వరి పిలకలు వేసేదీ అప్పుడే. ఆపైన ఒక మంచి వాన పడిందంటే ఊరంతా ఒకే పొద్దున దుకాణం ముందు ఉంటుంది. సీజను మొత్తం సగటు చూసి సరుకు తెచ్చినాయన మధ్యాహ్నానికల్లా చేతులెత్తేస్తాడు.

లెక్క ఇట్లా వేసి చూడండి. దుకాణంలో రోజుకు 20 బస్తాలు పోతున్నాయనుకుందాం. చెప్పిన ఐదు రోజులకు లారీ వస్తుంది. అంటే 100 బస్తాలు మిగిలి ఉండగానే చెప్పాలి. లారీ రెండు రోజులు ఆలస్యమైతే? ఇంకో 40 చేతిలో ఉండాలి. అదే వాన పడి రోజుకు 40 పోతుంటే, ఆ ఏడు రోజులకు 280 కావాలి. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసల చొప్పున అది 74,620 రూపాయల సరుకు. చిన్న దుకాణదారుకు ఇది తేలిక కాదు, యూరియా మీద మిగిలేదీ తక్కువే. అందుకే కొందరు దాన్ని కొద్దిగా తెచ్చి, లాభమున్న పురుగు మందులు అలమరాల నిండా పెడతారు. ఇది తలకిందుల పద్ధతి. పురుగు మందుకు గడువు తేదీ ఉంటుంది, ఆ ఏడు పురుగు రాకపోతే డబ్బు మట్టిపాలే. విత్తనమూ అంతే, మొలక తగ్గుతుంది. యూరియా చెమ్మ తగలకుండా చెక్కల మీద, గోడకు ఎడంగా పేరిస్తే వచ్చే తడవకూ పనికొస్తుంది. యూరియా కావాలంటే ఇంకో మందు కొనాల్సిందేనని అంటగట్టడం మాత్రం నిబంధనలకు విరుద్ధం.

రైతులుగా మీరు చేయగలిగిందీ ఉన్నది. నాటు పడ్డ వారంలోనే ఎన్నెకరాలు, ఎన్ని బస్తాలు, ఏ వారం కావాలో మీరు కొనే దుకాణంలోనో సొసైటీలోనో రాయించండి. ఆ చీటీలు ఉంటే ఆయన ఊహ మీద సరుకు తేవాల్సిన పని లేదు. రెండు తడవల మందు ఒక్కసారే తెచ్చి ఇంట్లో పేర్చుకుంటే, ఆ రోజు పక్కింటాయన ఉత్త చేతులతో మళ్లుతాడు.

ఇంకో మాట దుకాణదారులకు. రద్దీలో బస్తాలు ఇచ్చేసి, ఈ–పాస్ మిషన్‌లో తర్వాత ఎక్కిద్దామనుకోవద్దు. గోదాము ఖాళీ అయినా మిషన్‌లో సరుకు కనిపిస్తూనే ఉంటుంది. జిల్లాలో కేటాయింపు చూసే వారికి మీ ఊళ్లో యూరియా ఉన్నట్టే లెక్క. 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నిల్వ, ధరల బోర్డు దుకాణం ముందు ఉండాలి. దాన్ని ఏ పొద్దుకాపొద్దు దిద్దండి, రైతు రెండోసారి తిరగకుండా ఉంటాడు.