సంతకం పెట్టే ముందు: ప్రత్యేక సేవలు మొదలయ్యేటప్పుడు తల్లిదండ్రుల హక్కులు

క్లాసు అయిపోయాక అందరూ వెళ్ళేదాకా ఆగి, ఒక తల్లి మెల్లగా అడుగుతారు: "టీచర్ గారూ, బాబు స్కూల్లో ఏవో పరీక్షలు చేస్తామని కాగితాలు ఇచ్చారండీ. సంతకం పెడితే వాడి మీద ముద్ర పడిపోతుందా?" నన్ను ఇలా అడిగారు. మిమ్మల్నీ అడుగుతారు. స్కూల్లో అడగడానికి మొహమాటపడ్డ ప్రశ్న మన దగ్గర తెలుగులో బయటికొస్తుంది. మనం డాక్టర్లమూ లాయర్లమూ కాము. కానీ కింది విషయాలు తెలిసుంటే ఆ తల్లిని భయంతో ఇంటికి పంపించం.

అమెరికాలో ఈ సేవలకు ఆధారం ఐడియా అనే ఫెడరల్ చట్టం. దీని మొదటి రూపం 1975లో వచ్చింది. మూడేళ్ళ లోపు పిల్లలకు ఎర్లీ ఇంటర్వెన్షన్ ఉంటుంది. మూడేళ్ళు నిండాక బాధ్యత స్కూల్ డిస్ట్రిక్ట్‌ది. అర్హత ఉన్న పిల్లలకు డిస్ట్రిక్ట్ ఇచ్చే సేవలకు తల్లిదండ్రులు డబ్బు కట్టక్కర్లేదు. ఇమిగ్రేషన్ స్థితి చూసి పిల్లలకు ఉచిత పబ్లిక్ స్కూల్ చదువు నిరాకరించకూడదని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది.

తల్లిదండ్రులకు చెప్పవలసినవి

1. రాసి అడగండి. ఎవాల్యుయేషన్ కావాలని తేదీ వేసి ఉత్తరమో ఈమెయిలో ఇవ్వొచ్చు. స్కూలు కుదరదంటే, కారణాలతో రాతపూర్వకంగా చెప్పాలి.

2. సంతకాలు రెండు, దేని దారి దానిదే. ఎవాల్యుయేషన్‌కు ఒప్పుకున్నంత మాత్రాన సేవలకు ఒప్పుకున్నట్టు కాదు. సేవలు మొదలుపెట్టడానికి మళ్ళీ విడిగా అనుమతి అడగాలి. మొదటి సంతకం పెట్టాక 60 రోజుల్లో ఎవాల్యుయేషన్ పూర్తవ్వాలి. కొన్ని రాష్ట్రాలు వేరే గడువు పెట్టుకున్నాయి, అది కనుక్కోమనండి.

3. అర్థం కాకపోతే దుబాసీని అడగండి. ఐఈపీ మీటింగ్‌లో జరిగేది తల్లిదండ్రులకు అర్థమయ్యేలా చూడటం స్కూలు పని. అవసరమైతే తెలుగు దుబాసీని ఏర్పాటు చేయాలి. అక్కనో అన్ననో అనువాదానికి కూర్చోబెట్టక్కర్లేదు.

4. మీటింగ్‌లో తల్లిదండ్రులు అతిథులు కారు, సభ్యులు. పిల్లవాడి సంగతి తెలిసినవాళ్ళను వెంట తీసుకెళ్ళొచ్చు. "ఇంటికి తీసుకెళ్ళి చదువుకుని సంతకం పెడతాం" అనడం తప్పేమీ కాదు.

5. ఒప్పుకున్నాక కూడా దారి మూసుకుపోదు. ఐఈపీని ఏడాదికోసారైనా తిరిగి చూడాలి. ఎవాల్యుయేషన్ ఫలితం నచ్చకపోతే బయటి నిపుణులతో, డిస్ట్రిక్ట్ ఖర్చుతో మరొకటి అడగొచ్చు. డిస్ట్రిక్ట్ దానికి ఏర్పాటైనా చేయాలి, లేదా తమది సరైనదేనని హియరింగ్‌లో నిరూపించుకోవాలి. సేవలు వద్దనుకుంటే అనుమతిని రాసిచ్చి వెనక్కి తీసుకోవచ్చు. అయితే అప్పుడు మొత్తం ప్రత్యేక సేవలు ఆగిపోతాయని తెలిసి చేయాలి.

మన పాత్ర

ఇంగ్లీషు రానంత మాత్రాన ఏ పిల్లకూ వైకల్యం ఉందని తేల్చకూడదు, చట్టం అదే చెబుతోంది. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల తెలుగులో ఎలా మాట్లాడుతుందో స్కూలుకు తెలియకపోవచ్చు. మనకు తెలుసు. "రెండు మాటలు కలిపి చెప్పడం తెలుగులోనూ కష్టంగా ఉంది" అన్న ఒక్క వాక్యం స్పీచ్ థెరపిస్ట్‌కు చాలా ఉపయోగం. తల్లిదండ్రులు అడిగితే, మీరు చూసింది చూసినట్టు తేదీతో రాసివ్వండి. జబ్బు పేరు మాత్రం మీరు పెట్టకండి.

ఇంకో మూడు జాగ్రత్తలు. "పెద్దయితే అదే సర్దుకుంటుంది" అనకండి, ఆ మాటతో నెలలు గడిచిపోతాయి. "తెలుగు మానేయండి" అని అసలు అనకండి, రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. ఏ పిల్లవాడి విషయమూ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

ఇక ఆ తల్లి ప్రశ్నకు జవాబు: "ముద్ర కాదమ్మా. బాబుకి ఏం కావాలో తెలుసుకోవడానికే ఈ సంతకం. ఆ తర్వాతి అడుగు వేయాలో వద్దో మళ్ళీ మిమ్మల్నే అడుగుతారు."