తప్పు బ్యాటరీదేనా?

తెల్లారేసరికి టమోటా మదనపల్లె మార్కెట్‌కు చేరాలి. తాళం తిప్పితే పాత టాటా 207 ‘టక్‌’మంటుందే తప్ప కదలదు. నలుగురూ కలిసి తోయాల్సిందే. ‘బ్యాటరీ పోయింది, మార్చెయ్‌’ అంటారంతా. వేలు పోసి కొత్తది వేయించాక కొన్నాళ్లకు మళ్లీ అదే తంతు!

చాలాసార్లు లోపం ఆల్టర్నేటర్‌లో ఉంటుంది. షెడ్లలో దాన్ని ఇప్పటికీ డైనమో అనే అంటారు. అది పనిచేస్తోందో లేదో చెప్పడానికి చిన్న మల్టీమీటర్‌ చాలు. రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టే. ఇంజిన్‌ నడుస్తుంటే అది 13.8 నుంచి 14.4 వరకూ పెరగాలి. పెరగలేదా... ఛార్జింగ్‌ అందట్లేదన్నమాట. 15 దాటిందంటే రెగ్యులేటర్‌ను అనుమానించాలి. అలాగే వదిలేస్తే కొత్త బ్యాటరీ కూడా ఉడికిపోతుంది.

అలాగని వెంటనే డైనమో విప్పక్కర్లేదు. ఇంజిన్‌ ఆపి బెల్టు వదులైందేమో చూడాలి. టెర్మినళ్లకు తెల్లటి పొడి పట్టినా, ఇంజిన్‌నుంచి ఛాసిస్‌కు వెళ్లే ఎర్తు తీగ తుప్పుపట్టినా కరెంటు సరిగా చేరదు. ఇంకో తమాషా... కొన్ని పాత బండ్లలో డ్యాష్‌బోర్డుమీది ఎర్ర బ్యాటరీ బల్బు మాడిపోయినా ఛార్జింగ్‌ మొదలవదు. డైనమోను మేల్కొలిపే కరెంటు దాని గుండానే వెళ్తుంది మరి!

ఇవన్నీ బాగుంటే అప్పుడు లోపలి కార్బన్లు, డయోడ్ల సంగతి ఎలక్ట్రీషియన్‌కు వదిలేయాలి. ఇంజిన్‌ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి చూసే పాత అలవాటు మాత్రం అస్సలు వద్దు. ఒక్కసారిగా వోల్టేజీ ఎగసి, బాగున్న డయోడ్లూ కాలిపోవచ్చు.