కారు ముందు చక్రాల శబ్దాలు

కారు నడుస్తున్నపుడు ముందు చక్రాల వద్ద కీచుమనో, గరగరమనో, టకటకమనో వినిపించే అసాధారణ శబ్దాలు ఎక్కువగా మూడు చోట్ల నుండి పుడతాయి: బ్రేకులు, చక్రపు బేరింగు, చక్రాన్ని తిప్పే ఇరుసు కీళ్ళు. వీటిలో కొన్ని హాని లేనివి. మరికొన్ని, బ్రేకు పట్టు తప్పక ముందో, చక్రం ఊగిపోక ముందో వచ్చే హెచ్చరికలు. శబ్దం ఎంత పెద్దదనే దానికంటే, అది ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతుందనేదే అసలు కారణాన్ని తెలుపుతుంది.

కడప జిల్లాలోని లింగాల, పులివెందుల ప్రాంతానికి ఈ విషయంతో ఒక ప్రత్యేక సంబంధం ఉంది. బ్రేకుల తయారీలో ప్రపంచమంతటా దశాబ్దాల పాటు వాడిన ఆస్‌బెస్టాస్ అనే రాతినారను ఒకప్పుడు ఈ ప్రాంతపు గనుల నుండి తవ్వి తీసేవారు.

ముందు చక్రం వద్ద ఉండే భాగాలు

నేటి కార్లలో చాలావాటికి ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు ఉంటాయి. చిన్న కార్లలో వెనుక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు ఉండటం పరిపాటి. అంబాసిడర్ వంటి పాతకాలపు కార్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉండేవి. బ్రేకు వేసినపుడు బండి బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి, ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుల మీదే పడుతుంది. అందువల్ల అవి వెనుకవాటి కంటే త్వరగా అరుగుతాయి.

* డిస్కు: చక్రంతో పాటు తిరిగే పోత ఇనుప పళ్ళెం.
* ప్యాడ్లు: డిస్కును రెండు వైపుల నుండి నొక్కే పలకలు. ప్రతి ప్యాడులో ఒక ఉక్కు పలక, దానికి అతికిన రాపిడి పదార్థం ఉంటాయి.
* కాలిపర్: ప్యాడ్లను పట్టి ఉంచి, బ్రేకు ఆయిలు ఒత్తిడితో వాటిని డిస్కుకు నొక్కే భాగం. చాలా కార్లలో ఇది గైడు పిన్నుల మీద అటూ ఇటూ జరుగుతుంది.
* ధూళి కవచం: డిస్కు వెనుక ఉండే పలుచని రేకు.
* హబ్బు, బేరింగు: చక్రాన్ని బిగించే మధ్య భాగం, అది సులువుగా తిరగడానికి తోడ్పడే గుళ్ళ అమరిక.
* సి.వి. జాయింటు: ముందు చక్రాలకు ఇంజను శక్తి అందే కార్లలో ఇరుసుకు ఉండే కీలు. దీనిని గ్రీజు నింపిన రబ్బరు తొడుగు కప్పి ఉంచుతుంది.

కీచు శబ్దం పుట్టే విధానం

ప్యాడు డిస్కును నొక్కినపుడు వాటి మధ్య రాపిడి ఒకే తీరుగా ఉండదు. రెండు తలాలు క్షణకాలం పట్టుకుని, మరుక్షణం జారుతూ ఉంటాయి. ఇది సెకనుకు వేలసార్లు జరిగినపుడు డిస్కు, ప్యాడు కలిసి కంపించి, మోగించిన గంటలాగా శబ్దం చేస్తాయి. వయొలిన్ తీగ మీద కమాను లాగినపుడు స్వరం పుట్టేదీ, నూనె లేని తలుపు బందు కిర్రుమనేదీ ఈ పద్ధతిలోనే. బ్రేకుల కీచు శబ్దం సాధారణంగా 1,000 హెర్ట్‌జ్‌లకు పైన ఉంటుంది. ఈ కంపనాన్ని అణచడానికే ప్యాడు వెనుక పలుచని రేకులు అమర్చి, కదిలే చోట వేడిని తట్టుకునే ప్రత్యేక గ్రీజు రాస్తారు. ప్యాడ్లు మార్చేటపుడు ఈ రేకులను తిరిగి అమర్చకపోతే కొత్త ప్యాడ్లు కూడా కీచుమంటాయి.

కారణాన్ని గుర్తించే ప్రశ్నలు

చక్రం విప్పక ముందే ఈ క్రింది ప్రశ్నలకు సమాధానం తెలుసుకుంటే కారణాల జాబితా బాగా కుదించుకుపోతుంది.

1. బండి నిలిపి ఉంచి ఇంజను వేగం పెంచినా శబ్దం వస్తుందా? వస్తే అది చక్రానికి సంబంధించినది కాకపోవచ్చు.
2. బ్రేకు తొక్కినపుడు శబ్దం మొదలవుతుందా, మారుతుందా, ఆగిపోతుందా?
3. స్టీరింగు ఒక వైపుకు తిప్పినపుడు పెరుగుతుందా, తగ్గుతుందా?
4. గతుకుల మీద మాత్రమే వస్తుందా?
5. వాన తరువాత, బండి కడిగిన తరువాత, తెల్లవారి మొదటిసారి తీసినపుడు మాత్రమే వస్తుందా?

శబ్దం ఆగి ఆగి వస్తుంటే దాని లయను చక్రపు భ్రమణంతో పోల్చి చూడవచ్చు. చిన్న కారు టైరు చుట్టుకొలత సుమారు 1.8 మీటర్లు అనుకుంటే, గంటకు 36 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 10 మీటర్లు కదులుతుంది. అంటే చక్రం సెకనుకు అయిదారు సార్లు తిరుగుతుంది. వేగం సగానికి తగ్గితే ఇది మూడు సార్ల లోపే ఉంటుంది. ఈ లెక్కకు సరిపోయే టకటక శబ్దం చక్రం ఒక చుట్టు తిరిగినపుడల్లా ఒకసారి పుడుతోందని అర్థం. టైరులో దిగిన మేకు, ఒకచోట ఉబ్బిన టైరు, వంగిన డిస్కు ఇటువంటి లయను చూపుతాయి.

బ్రేకుతో ముడిపడిన శబ్దాలు

తుప్పు: డిస్కు పోత ఇనుముతో చేసినది కాబట్టి తడి తగిలితే ఒక రాత్రిలోనే పలుచని తుప్పు పడుతుంది. మొదటి కొన్ని సార్లు బ్రేకు వేయగానే అది రాలిపోయి గరగర శబ్దం ఆగిపోతుంది. ఇది లోపం కాదు.

అరుగుదల సూచిక: చాలా ప్యాడ్లకు ఒక చిన్న ఉక్కు నాలుక ఉంటుంది. రాపిడి పదార్థం రెండు మూడు మిల్లీమీటర్లకు తగ్గినపుడు ఇది డిస్కును తాకి సన్నగా కీచుమంటుంది. బండి నడుస్తున్నంతసేపూ వినిపిస్తూ, బ్రేకు తొక్కితే మారడమో ఆగడమో దీని లక్షణం. బ్రేకు తొక్కితే శబ్దం ఆగిపోతోంది కనుక బ్రేకు బాగానే ఉందనుకోవడం పొరపాటు. ప్యాడ్లు మార్చవలసిన సమయం వచ్చిందని దీని అర్థం.

ఇనుము ఇనుమును గీరే శబ్దం: హెచ్చరికను పట్టించుకోకపోతే రాపిడి పదార్థం పూర్తిగా అరిగి ఉక్కు పలకే డిస్కును గీరుతుంది. బ్రేకు తొక్కినపుడు బరబరమనే మొరటు శబ్దం వస్తుంది, డిస్కు మీద చాళ్ళు పడతాయి, బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. ఈ స్థితిలో బండి నడపరాదు.

గట్టిపడిన ప్యాడ్లు: ఘాట్ రోడ్డులో బ్రేకు మీదే ఆధారపడి దిగితే ప్యాడ్లు విపరీతంగా వేడెక్కి వాటి తలం గాజులాగా నునుపుదేలుతుంది. ఆ తరువాత బ్రేకు కీచుమంటుంది, పట్టు కూడా తగ్గుతుంది. కడప - రాయచోటి దారిలోని గువ్వలచెరువు ఘాట్ వంటి చోట్ల చిన్న గేరులో దిగుతూ, బ్రేకును అవసరమైనంత మేరకే వాడటం దీనికి నివారణ.

బిగుసుకున్న కాలిపర్: గైడు పిన్నులలో గ్రీజు ఎండిపోయినా, దుమ్ము చేరినా కాలిపర్ వెనక్కి జరగదు. బ్రేకు వదిలినా ప్యాడు డిస్కును రాస్తూనే ఉంటుంది. సన్నని రాపిడి శబ్దం, కాలిన వాసన, బండి ఒక వైపుకు లాగడం, ఒక చక్రం మాత్రమే బాగా వేడెక్కడం దీని గుర్తులు. ఒక ప్యాడు బాగా అరిగి, దాని జోడీ అంతగా అరగకుండా ఉంటే ఈ లోపాన్నే అనుమానించాలి.

పెడల్ అదరడం: డిస్కు మందం అన్ని చోట్లా సమానంగా లేనపుడు బ్రేకు తొక్కితే పెడల్, స్టీరింగు అదురుతాయి. దానితో పాటు డబడబమనే శబ్దం రావచ్చు.

బ్రేకుతో సంబంధం లేని శబ్దాలు

చిక్కుకున్న రాయి: తోటలకు, పొలాలకు పోయే మట్టిదారులలో నడిచే కార్లలో డిస్కుకూ ధూళి కవచానికీ మధ్య చిన్న రాయి ఇరుక్కోవడం తరచుగా జరుగుతుంది. లింగాల మండలంలోని అరటి, చీనీ తోటల దారులు ఇటువంటివే. ఉన్నట్టుండి చెవులు చిల్లులు పడే గీరుడు శబ్దం మొదలవుతుంది. బండిని నెమ్మదిగా కొంచెం వెనక్కి, ముందుకు నడిపితే రాయి రాలిపోవచ్చు. గతుకులలో రేకు వంగి డిస్కును తాకినా ఇదే శబ్దం వస్తుంది.

బేరింగు: అరిగిన బేరింగు గూమని హోరు పెడుతుంది. వేగంతో పాటు హోరు పెరుగుతుంది, బ్రేకు తొక్కినా ఆగదు. మలుపులో బండి బరువు బయటి వైపు చక్రం మీద పడుతుంది. కాబట్టి ఎడమకు తిరిగినపుడు హోరు పెరిగితే కుడి బేరింగును, కుడికి తిరిగినపుడు పెరిగితే ఎడమ బేరింగును అనుమానించాలి. టైర్లు ఎగుడుదిగుడుగా అరిగినా ఇటువంటి హోరే వస్తుంది. అయితే అది సిమెంటు రోడ్డు నుండి తారు రోడ్డు మీదికి మారగానే స్పష్టంగా మారుతుంది.

సి.వి. జాయింటు: స్టీరింగు పూర్తిగా తిప్పి బండిని కదిలించినపుడు కటకటమంటే బయటి వైపు జాయింటు అరిగిందని అర్థం. రబ్బరు తొడుగు చిరిగి గ్రీజు బయటికి చిమ్మి, దుమ్ము లోపలికి చేరడమే దీనికి ముఖ్య కారణం. చక్రం లోపలి వైపు గ్రీజు మరకలు కనిపిస్తే శబ్దం రాకముందే తొడుగు మార్చుకోవచ్చు.

సస్పెన్షను: గతుకుల మీద మాత్రమే లొడలొడమంటే బాల్ జాయింటు, స్టెబిలైజర్ లింకు, రబ్బరు బుష్షులను పరిశీలించాలి.

వదులైన నట్లు: పంక్చరు వేయించిన తరువాతో, స్టెప్నీ మార్చిన తరువాతో తక్కువ వేగంలో దడదడమనే శబ్దం మొదలైతే మొదట చూడవలసినవి చక్రపు నట్లు. వీటిని వరుసగా కాక, ఎదురెదురుగా ఉన్నవాటిని ఒకదాని తరువాత ఒకటిగా బిగించాలి.

పరీక్షించే పద్ధతి

బండిని సమతలం మీద ఆపి, చేతి బ్రేకు వేసి, వెనుక చక్రాలకు రాళ్ళు ఊత పెట్టాలి. జాకీ ఒక్కటే మోస్తున్న బండి కిందికి ఎవరూ దూరరాదు. అప్పుడే నడిపి తెచ్చిన బండి డిస్కు చర్మాన్ని కాల్చేంత వేడిగా ఉంటుంది కనుక చల్లారనివ్వాలి.

పైకి లేపిన చక్రాన్ని చేతితో తిప్పి చూస్తే రాపిడి, గరగర తెలుస్తాయి. తరువాత చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపాలి. ఊగిసలాట ఉంటే బేరింగు గాని బాల్ జాయింటు గాని అరిగి ఉండవచ్చు. మరొకరు బ్రేకు తొక్కి పట్టినపుడు ఆ ఊగిసలాట పోతే లోపం బేరింగులో ఉన్నట్టు. కుడి, ఎడమ అంచులు పట్టుకుని ఊపినపుడు మాత్రమే కదిలితే స్టీరింగు కడ్డీల చివరి కీళ్ళను చూడాలి. చక్రం విప్పిన తరువాత రెండు వైపుల ప్యాడ్ల మందాన్ని కొలవాలి. బయటి ప్యాడు మందంగా కనిపించినా లోపలిది అరిగిపోయి ఉండవచ్చు. ప్యాడ్లను ఎప్పుడూ ఒక చక్రానికి మాత్రమే కాక రెండు ముందు చక్రాలకూ కలిపి మార్చాలి. లేకుంటే బ్రేకు వేసినపుడు బండి ఒక వైపుకు లాగుతుంది.

బ్రేకు ధూళి, రాతినార, లింగాల ప్రాంతం

డిస్కు బ్రేకుకు 1902లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ పేటెంటు పొందాడు. అందులో రాగి పలకలు లోహపు డిస్కును నొక్కేవి, వాటి అరుపు భరించలేనంతగా ఉండేది. 1907లో హెర్బర్ట్ ఫ్రూడ్ ఆ పలకలకు రాతినార పూత తొడగడంతో శబ్దం తగ్గింది, అరుగుదల కూడా తగ్గింది. వేడికి కాలని ఈ నార ఆ తరువాత బ్రేకుల పరిశ్రమలో సర్వసాధారణమయింది.

పులివెందుల, లింగాల ప్రాంతంలో వేంపల్లె డోలమైటు రాతి పొరలలోకి డోలరైటు చొచ్చుకువచ్చిన చోట్ల క్రిసోటైల్ అనే తెల్ల రాతినార ఏర్పడింది. బ్రాహ్మణపల్లె పరిసరాలలోని నిక్షేపం వీటిలో పేరు పొందినది. అయితే రాతినార ధూళిని పీల్చినవారికి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు, క్యాన్సరు వస్తాయని తేలింది. రాతినారకు కొత్త గని లీజులు ఇవ్వడాన్ని 1986లోను, పాతవాటి పునరుద్ధరణను 1993లోను భారత ప్రభుత్వం నిలిపివేసింది. ఈ జబ్బులు బయటపడటానికి దశాబ్దాలు పడుతుంది. అందువల్లనే రాతినార పరిశ్రమలలో పనిచేసేవారి ఆరోగ్య వివరాలను పనిలో చేరినది మొదలు కనీసం 40 సంవత్సరాలు, లేదా పని మానిన తరువాత 15 సంవత్సరాలు, ఏది ఎక్కువైతే అంతకాలం భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995లో ఆదేశించింది.

నేటి ప్యాడ్లలో రాతినారకు బదులు ఉక్కు నార, అరమిడ్ నార వంటివి వాడుతున్నారు. ముగ్గురాయి కూడా వీటిలో ఒక దినుసు. పూర్వపు ఉమ్మడి కడప జిల్లాలోని మంగంపేట ప్రపంచంలోని అతి పెద్ద ముగ్గురాయి నిక్షేపాలలో ఒకటి.

పాత బండ్ల లైనింగులలోను, ఊరూ పేరూ లేని చవక ప్యాడ్లలోను రాతినార ఉందో లేదో కంటితో చూసి చెప్పడం సాధ్యం కాదు. కాబట్టి శబ్దానికి కారణం వెతికేటపుడు బ్రేకులోని ధూళిని గాలి పైపుతో గాని, నోటితో గాని ఊదరాదు. పొడి బ్రష్షుతో దులపరాదు. తడిగుడ్డతో గాని, బ్రేకుల కొరకు తయారైన ద్రావణంతో గాని తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయాలి. ఈ జాగ్రత్త అందరికంటే ఎక్కువగా అవసరమయ్యేది రోజూ షెడ్డులో ఇదే పని చేసే మెకానిక్కులకు, వారి దగ్గర పని నేర్చుకునే కుర్రవాళ్ళకు.

బండిని వెంటనే ఆపవలసిన సందర్భాలు

* బ్రేకు తొక్కినపుడు ఇనుము గీరుతున్న శబ్దం రావడం.
* శబ్దంతో పాటు పెడల్ లోపలికి దిగిపోవడం, లేదా బండి ఒక వైపుకు గట్టిగా లాగడం.
* ఒక చక్రం నుండి పొగ గాని, కాలిన వాసన గాని రావడం.
* చక్రం మార్చిన తరువాత దడదడ శబ్దం మొదలవడం.
* బేరింగు హోరుతో పాటు స్టీరింగు ఊగడం.

ఈ సందర్భాలలో తరువాతి ఊరి వరకు నెమ్మదిగా వెళ్ళవచ్చునని భావించడం ప్రమాదకరం. మెకానిక్కును బండి దగ్గరకు పిలిపించడమో, బండిని వేరొక వాహనం మీద ఎక్కించి తరలించడమో చేయాలి. బ్రేకులు సరిగా లేని బండిని తాడు కట్టి లాగించరాదు. మిగిలిన శబ్దాల విషయంలో, అవి వచ్చే సందర్భాన్ని గమనించి మెకానిక్కుకు స్పష్టంగా చెప్పగలిగితే అనవసరమైన భాగాలు మార్చే ఖర్చు తప్పుతుంది.