పట్నం బండి మీద తిండి: ఎక్కడ దొరుకుతుంది, ఎవరి చేతి వంట?

2019లో యునెస్కో హైదరాబాద్‌ను ఆహారానికి పేరుపడ్డ సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. ఇట్లాంటి గుర్తింపు వచ్చినప్పుడల్లా మాటలన్నీ నవాబుల వంటశాల చుట్టూ, బిర్యానీ చుట్టూ తిరుగుతయి. కానీ రోజూ ఈ పట్నం కడుపు నింపుతున్నది వీధి. అడ్డా కూలీ, ఆటో డ్రైవరు, కోచింగు కోసం ఊరి నుంచి వచ్చి గదిలో నలుగురితో సర్దుకున్న విద్యార్థి, ధర్నాచౌక్‌కు వచ్చిన కార్యకర్త, వీళ్ళంతా తినేది బండి దగ్గరే. మంచి తిండి ఎక్కడ దొరుకుతుందో చెప్పటంతో పాటు, దాన్ని ఎవరు వండుతున్నారు, ఏ తిండికి గౌరవం ఉంది, ఏ తిండిని దాచిపెడుతున్నారు అన్నది కూడా చూడాలి. తిండి గురించి మాట్లాడి కులం గురించి మాట్లాడకపోతే సగమే మాట్లాడినట్టు.

ఇన్ని రుచులు ఎట్లా వచ్చినయి?

ఒక్కో రుచి వెనక ఒక వలస ఉంది. వలస వెనక ఒక పని ఉంది. 1591లో కుతుబ్‌షాహీలు ఈ పట్నం కట్టినప్పటి నుంచి జనం వస్తూనే ఉన్నరు. నిజాం సైన్యంలో పని కోసం యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి అరబ్బులు వచ్చిన్రు. వాళ్ళు ఉన్న బారక్సే జనం నోట్లో 'బార్కస్' అయింది. 1806లో సికింద్రాబాద్ కంటోన్మెంటు ఏర్పడ్డాక బ్రిటిష్ పటాలాల వెంట తమిళులు వచ్చిన్రు. జనం ఇప్పటికీ దాన్ని 'లష్కర్' అంటరు. ఇరానీలు బొంబాయి, పుణె మీదుగా వచ్చి చాయ్ హోటళ్ళు పెట్టిన్రు. మార్వాడీ వ్యాపారులు బేగంబజార్‌లో స్థిరపడ్డరు. 1947 విభజన తర్వాత సింధీలు వచ్చిన్రు. పాలమూరు, నల్లగొండ, మెదక్ పల్లెల నుంచి కరువుకు తట్టుకోలేక వచ్చిన మన జనం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ పట్నం కట్టింది వాళ్ళే. ఇవాళ నేపాలీలు మోమోల బండ్లు, ఉత్తరాది వలస కార్మికులు పానీపూరీ బండ్లు పెట్టుకున్నరు. టోలీచౌకీ వైపు పోతే అరబ్, ఆఫ్రికన్ విద్యార్థులు తినే హోటళ్ళు కనిపిస్తయి.

పొద్దును బట్టి తిండి

వీధి తిండికి స్థలం ఒక్కటే తెలిస్తే చాలదు, వేళ తెలియాలి. తెల్లవారుజామున పాతబస్తీకి పోవాలి. రాత్రంతా సన్నటి సెగ మీద ఉడికిన నహారీ, మేక కాళ్ళ పాయా ఆ వేళకే దొరుకుతయి. ఎండెక్కితే గిన్నె ఖాళీ. పురానీ హవేలీ దగ్గర నాలుగు మూలల 'చార్‌కోనా' నాన్ తందూరు నుంచి తీసి వేడివేడిగా ఇస్తరు. నహారీలో ముంచుకోవటానికి దానికి మించింది లేదు. బార్కస్‌లో పొద్దున్నే హరీస్ అమ్ముతరు. గోధుమలు, మాంసం కలిపి మెత్తగా ఉడికించిన ఈ అరబ్బు వంటే హైదరాబాద్ హలీంకు మూలం. దాన్ని నెయ్యి, చక్కెర వేసుకుని తినేవాళ్ళూ ఉన్నరు.

పొద్దున టిఫిన్ కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. ప్రతి గల్లీ మొదట్లో ఇడ్లీ బండి ఉంటది. చార్మినార్ వెనక సందుల్లో, నాంపల్లి వైపు వెన్న వేసి కాల్చే దోసెలకు పేరుంది. ఎండాకాలం రోడ్ల పక్కన స్టీలు గిన్నెల్లో రాగి అంబలి అమ్ముతరు. మన ఇండ్లల్లో ఒకప్పుడు పేదరికానికి గుర్తుగా ఉన్న అంబలి, ఇవాళ పొద్దున వాకింగుకు వచ్చే పెద్దమనుషులకు ఆరోగ్యం అయింది. సాయంత్రం జొన్నరొట్టెల కథా అంతే. రోడ్డు పక్క పొయ్యి పెట్టి ఆడవాళ్ళు రొట్టెలు చేత్తో తట్టి కాలుస్తుంటే, షుగరు జబ్బున్న వాళ్ళు కార్లు ఆపి కొనుక్కపోతరు. రొట్టెకు విలువ పెరిగింది. తట్టిన చేతికి ఎంత పెరిగిందన్నది అడగాల్సిన ప్రశ్న.

మధ్యాహ్నం, సాయంత్రం ఇరానీ చాయ్. డికాక్షన్ వేరుగా, పాలు వేరుగా గంటల తరబడి మరిగించి, కప్పులోనే రెండూ కలుపుతరు. ఆ చిక్కదనానికి కారణం ఇదే. పక్కన ఉస్మానియా బిస్కెట్. జేబులో పైసలు తక్కువుంటే 'వన్ బై టూ' అడగొచ్చు, ఎవరూ తప్పు పట్టరు. ఉద్యమాల ముచ్చట్లు ఎన్నో ఈ బల్లల దగ్గరే నడిచినయి. సాయంత్రం మిర్చి బజ్జీ, పునుగులు ఎక్కడైనా దొరుకుతయి. బేగంబజార్, కోఠీ వైపు కచోరీ, చాట్ తినాలి. సింధీకాలనీలో సాయంత్రం బండ్లన్నీ కిటకిటలాడుతయి. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్ దగ్గర పండ్లతో చేసే ఐస్‌క్రీం తినాలి. కల్లు కాంపౌండుల దగ్గర బోటీ, చాక్నా దొరుకుతయి. పెద్ద హోటళ్ళ మెనూలో ఇవి అరుదు.

రంజాన్ నెలలో హలీం. గోధుమలు, మాంసం, పప్పులు, నెయ్యి వేసి మట్టి భట్టీల మీద గంటల కొద్దీ ఉడికిస్తూ, పెద్ద కర్రలతో ఘోటిస్తరు. ఆ సెగ ముందు నిలబడి ఘోటించేవాళ్ళ చెమటే దాని రుచి. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. హలీం పేరుతో ముస్లిమేతరులు పాతబస్తీకి పోయి, ఇఫ్తార్ వేళ ముస్లింల పక్కన నిలబడి తినటం అలవాటైంది. ఇది చిన్న విషయం కాదు.

ఏ బండి మంచిదో ఎట్లా తెలుస్తుంది? జనం ఎక్కువున్న చోట సరుకు నిలవ ఉండదు. కళ్ళముందు వేయించి, వేడిగా పెట్టే చోట తినాలి. నూనె నల్లబడితే, ప్లేట్లు కడిగే బకెట్లో నీళ్ళు మార్చకపోతే పక్క బండికి పోవాలి. ఆటో డ్రైవర్లను అడగండి, సరిగ్గా చెప్తరు.

పెద్దకూర సంగతి

పాతబస్తీలో కల్యాణి బిర్యానీ అని దొరుకుతుంది. బీదర్ వైపు కల్యాణి నుంచి వచ్చిన నవాబుల దేవిడీలో పుట్టిందని చెప్తరు. ఇది పెద్దకూరతో చేసే బిర్యానీ. కూలిజనం తమ సంపాదనలో కొనుక్కోగలిగిన బిర్యానీ. కబాబులు, నహారీ కూడా పెద్దకూరతో దొరుకుతయి. ఉర్దూలో 'బడే కా' అంటరు. ఇక్కడ ఎక్కువగా అమ్మేది బర్రె, దున్నపోతు మాంసమే. 1977 నాటి చట్టం ఆవును కోయటాన్ని నిషేధించింది. కోతకు పనికొస్తయని ధ్రువీకరించిన బర్రెలు, దున్నలు, ఎద్దుల విషయంలో ఆ నిషేధం లేదు.

చట్టంలో చోటున్నా మర్యాదలో చోటు లేదు. హైదరాబాద్ వంటల గొప్ప చెప్పే పుస్తకాల్లో, పర్యాటక ప్రచారాల్లో మటన్ బిర్యానీ రాజు. మాల మాదిగల వాడల్లో, ముస్లిం గల్లీల్లో తరాలుగా బలమిచ్చిన తిండి మాత్రం కనపడదు. హాస్టల్లో మనం తినే తిండి కూడా ఉండాలని 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత విద్యార్థులు పెద్దకూర పండుగ జరిపితే ఘర్షణలు జరిగినయి, ఒక విద్యార్థి కత్తిపోటుకు గురైండు. ఒక ముద్ద తినటానికి ఇంత ధర కట్టాల్సి వచ్చిందంటే, రుచి అనేది నాలుకకు మాత్రమే సంబంధించింది కాదని తెలుస్తుంది.

ఒకే ప్లేటు, కానీ బోర్డు ఎవరిది?

ఊళ్ళో చాయ్ హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి చూసి వచ్చినవాళ్ళకు పట్నం బండి నిజంగానే ఊపిరి. ఇక్కడ ఎవరూ కులం అడగరు. ఎవరు తిన్న ప్లేటైనా ఒకే బకెట్లో కడుగుతరు. రాజ్యాంగం 15వ అధికరణం హోటళ్ళలో, దుకాణాల్లో వివక్ష ఉండకూడదని చెప్పిన మాట కాస్తో కూస్తో అమలయ్యేది ఈ రోడ్డు మీదనే.

ఐతే ఇంతటితో సంబరపడకూడదు. సహపంక్తి భోజనాలతో కులం పోదని అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో తేల్చి చెప్పిండు. కలిసి తిన్నవాళ్ళు పెండ్లి దగ్గరికొచ్చేసరికి ఎవరి కులానికి వాళ్ళు పోతున్నరు గదా. బోర్డులు చూడండి. 'బ్రాహ్మిన్స్ టిఫిన్స్' అని, 'రెడ్డి హోటల్' అని ధైర్యంగా రాసుకుంటరు. ఆ మాట శుభ్రతకు హామీ లాగా చెలామణి అవుతుంది. 'మాదిగ టిఫిన్స్' అని బోర్డు పెట్టి ఇడ్లీ అమ్మి బతకగలమా? అందుకే దళిత ఆడబిడ్డ బండి మీద పేరుండదు, ఉంటే దేవుడి పేరుంటది. కులం అడిగితే ఊరు పేరు చెప్పి మాట దాటేయటం ఉంటది. బండి దగ్గర తినేవాడి కులం మాయమైతది, అమ్మేవాడి కులం మాత్రం దాక్కోవాల్సి వస్తది.

బండిని కాపాడే చట్టం

వీధి అమ్మకం దయతో దొరికేది కాదు. రోడ్డు పక్క వ్యాపారం, తగిన ఆంక్షలకు లోబడి, వృత్తి హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1989లో సోదాన్‌సింగ్ కేసులో చెప్పింది. 2014లో వీధి వ్యాపారుల రక్షణ చట్టం వచ్చింది. సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదు. తొలగించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు జప్తు చేస్తే జాబితా రాసివ్వాలి. పాడైపోయే సరుకును అడిగిన రోజే, మిగతాది రెండు పనిదినాల్లో వాపసు ఇవ్వాలి. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులుండాలి. వాళ్ళలో మూడోవంతు మహిళలు ఉండాలి, దళితులకు, ఆదివాసులకు, వెనుకబడిన కులాలకు, మైనారిటీలకు తగిన చోటుండాలి.

కాగితం మీద ఇంత ఉంది. 2024 జనవరిలో ఐటీ కంపెనీల ప్రాంతంలో అన్నం అమ్మే ఒక మహిళ బండిని ట్రాఫిక్ పేరుతో పోలీసులు ఆపించిన్రు. ఆమె అప్పటికే జనంలో పేరు పొందింది కాబట్టి గొడవై, ముఖ్యమంత్రి జోక్యం చేసుకున్నడు. పేరు లేని బండ్ల సంగతి ఏంది? వాళ్ళకు ముఖ్యమంత్రి రాడు, చట్టమే రావాలి.

కాబట్టి మిత్రులారా, పాతబస్తీకి పొండి, లష్కర్‌కు పొండి, బార్కస్‌కు పొండి, కడుపు నిండా తినండి. పోయిన చోట అమ్మే అక్కను, అన్నను ఒక మాట అడగండి: సర్టిఫికెట్ వచ్చిందా, కమిటీలో మీ ప్రతినిధి ఎవరో తెలుసా అని. తెలియకపోతే పైన రాసిన నాలుగు ముక్కలు చదివి వినిపించండి.