చిల్కా తీరమున పక్షిరక్షక సమితి

చిల్కా సరస్సు పేరు వినని బాలుడు మన గంజాము జిల్లాలో ఉండడు. పాత్రపూరునుండి బరంపురము, ఛత్రపురము మీదుగా ఉత్తరమునకు పోయినచో, రంభ అను ఊరికడ రైలుమార్గము ప్రక్కనే ఆ నీటి విస్తారము కానవచ్చును. పూరీ, ఖుర్దా, గంజాము జిల్లాలలో వ్యాపించియున్న ఈ సరస్సు వేసవిలో సుమారు 900 చదరపు కిలోమీటర్లకు తగ్గి, వర్షకాలమున 1,100 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించును. నదుల మంచినీరును, సముద్రపు ఉప్పునీరును ఇందు కలియుచుండును గనుక చేపలకును, రొయ్యలకును, వానిని తిని బ్రదుకు పక్షులకును ఇది తరుగని అన్నసత్రము. అంతర్జాతీయ ప్రాధాన్యముగల చిత్తడినేలలను కాపాడుటకై ఏర్పడిన రాంసార్ ఒప్పందము క్రింద 1981లో భారతదేశము మొట్టమొదట పేర్కొన్న రెండు తావులలో చిల్కా యొకటి. రెండవది రాజస్థానములోని కేవలాదేవ్.

కార్తికమాసము వచ్చుసరికి ఇక్కడికి పక్షులు దిగును. సైబీరియానుండి, మంగోలియానుండి, బైకాల్ సరస్సు, కాస్పియన్ సముద్రముల ప్రాంతములనుండి, హిమాలయముల కావలి ప్రదేశములనుండి అవి వేలకొలది మైళ్ళు ఎగిరి వచ్చును. అక్కడ నీరు గడ్డకట్టిపోవును; మేత దొరకదు. సూదితోక బాతులు, నల్లతోకయు పొడవైన ముక్కునుగల ఉల్లంకి జాతి పక్షులు, జక్కవలు మొదలగున వందకు పైగా జాతులు ఇందున్నవి. జక్కవ యన్న పదమును పద్యములలో మన పిల్లలు చదువుచునే యున్నారు. రాత్రివేళ జంట విడిపోయి దుఃఖించునని కవులు వర్ణించు ఆ చక్రవాకమును కంటితో చూచినవారు మనలో నెందరు? ఇంతకు అది మన జిల్లా సరిహద్దులోనికే ఏటేట వచ్చి పోవుచున్న కావిరంగు బాతు. రాత్రి విరహము మాట యెట్లున్నను, పగలు మాత్రము జంటగానే తిరుగుచుండును.

అయితే పక్షులకంటె వానిని కాయుచున్న మనుష్యుల కథయే నా కిప్పుడు ముఖ్యము.

సరస్సు ఉత్తరపు అంచున, ఖుర్దా జిల్లా టాంగి సమీపమున, మంగళాజోడి యను పల్లె కలదు. రెల్లును తుంగయు దట్టముగా పెరిగిన మంచినీటి మడుగులు ఆ ఊరిని ఆనుకొనియున్నవి. పక్షుల కంతకంటె అనువైన తావు లేదు. కనుకనే వేటగాండ్రకును లేదు. గతశతాబ్దపు చివరి దశాబ్దమున ఆ ఊరికి వేటగాండ్ర పల్లెయని పేరుండెను. తుపాకితో కొందఱు, వలతో కొందఱు, విషము కలిపిన ఎరతో మరికొందఱు పక్షులను చంపి చుట్టుప్రక్కల ఊళ్ళలో నమ్ముకొనుచుండిరి. గ్రుడ్లను సైతము విడువలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము ఇది నేరమని వారెఱుగుదురు. కాని రాత్రివేళ రెల్లుపొదలలో దూరినవానిని పట్టుకొనుట పడవ నడుపనేరని జవానులకు సాధ్యమా? పక్షులు నానాటికి తగ్గిపోయి, ఒకప్పుడు ఆకాశమును కప్పిన తావున కొన్నివేలు మాత్రమే మిగిలెను.

అట్టి ఊరిలో, వైల్డ్ ఒరిస్సా యను స్వచ్ఛంద సంస్థకు చెందిన నందకిశోర భుజబల్ మొదలగువారు రాకపోకలు సాగించి, వేటగాండ్రతోనే మాటలాడిరి. ఫలితముగా 2000 సంవత్సరమున శ్రీ మహావీర పక్షి సురక్షా సమితి యేర్పడెను. సభ్యులలో పెక్కుమంది నిన్నటివరకు తుపాకి పట్టినవారే. ఇక వేటాడమని ప్రమాణము చేసి, ఏ పడవలపై చంపుటకు పోయిరో ఆ పడవలపైనే కాపలా తిరుగనారంభించిరి. చిల్కాకు అదే సంవత్సరము మరియొక మేలు కలిగెను. పూడికవలన సముద్రముతో రాకపోకలు సన్నగిల్లియుండగా, చిల్కా అభివృద్ధి సంస్థవారు 2000 సెప్టెంబరులో క్రొత్త ముఖద్వారమును త్రవ్వించిరి. ఉప్పునీటి పాలు సరిపడి, కలుపు తగ్గి, చేపల పట్టుబడి పలు రెట్లు పెరిగినది. ప్రమాదములోనున్న చిత్తడినేలల పట్టికలో 1993లో చేర్చబడిన చిల్కా 2002లో దానినుండి తొలగింపబడినది. చేపలు తిరిగివచ్చుటవలన జాలరికి పూట గడచుట కొంత సులువయ్యెను. పొట్టకు దారి లేనివానికి పక్షులను విడువుమని చెప్పుట తేలిక గాని వాడు వినుట కష్టము.

సమితి సభ్యుడు చేయు పని యేమి? చూచుటకు చిన్నపనియే. తెల్లవారుజామునను సాయంకాలమునను పడవపై మడుగులు చుట్టివచ్చుట. క్రొత్తవాడు వలతో గాని మూటతో గాని కనబడినచో అటకాయించుట. మాట వినకున్న అటవీశాఖకు కబురంపుట. ఇచ్చటనే గూడుకట్టు పక్షులకు వేసవి చివరను వర్షకాలమునను గ్రుడ్లు పెట్టుకాలము. అప్పుడు రెల్లులో పశువులు దిగకుండను, పిల్లలు గ్రుడ్లు తీయకుండను చూడవలెను. బడిపిల్లలకు పక్షుల పేర్లు చెప్పవలెను. ఇందులో ఏదియు వీరకృత్యము కాదు. కాని ఒక దినము కాదు, ఒక నెల కాదు, ఏండ్ల తరబడి మంచులో లేచిపోవలెను. పైగా అటకాయింపబడువాడు ఒక్కొక్కప్పుడు సభ్యుని మేనమామ కొడుకో, బావమఱదియో కావచ్చును. పోలీసు జవాను బదిలీయై పోవును. సమితి సభ్యుడు ఆ ఊరిలోనే, ఆ బంధువు ఎదుటనే బ్రదుకవలెను. స్వచ్ఛంద సేవలో నిజమైన కష్టము ఇక్కడ నున్నదని నా యభిప్రాయము.

అయినను వారు నిలిచిరి. వేటగానికి తెలిసినంతగా పక్షిని గుఱించి మరియెవరికిని తెలియదు. ఏ మడుగులో ఏ వేళ ఏ జాతి దిగునో, ఏ కూతకు ఏ అర్థమో అతనికి కొట్టినపిండి. ఆ విద్య నిన్నటివరకు దాచుకొనవలసినదిగా ఉండి, నేడు పదిమందికి చెప్పి గౌరవము పొందదగినదైనది. తరువాత జీవనమార్గమును ఏర్పడినది. 2010 ప్రాంతమునుండి ఊరివారే యాత్రికులను పడవలపై త్రిప్పుచు పక్షులను చూపుచున్నారు. పడవకు మోటారు ఉండదు. పొడవైన గడతో నెట్టుచు పోవుదురు. ఆ చప్పుడు లేని నడకవలన పక్షులు బెదరక పదిగజముల దూరముననే మేయుచుండును. సమితికి పూర్వము వేలలో మిగిలిన పక్షులు ఆ మడుగులలో ఇప్పుడు శీతకాలమున లక్షకు మించి దిగుచున్నవి. సరస్సు మొత్తమున ఇటీవలి లెక్కలలో పదిలక్షలు దాటినవి.

అంతయు బాగుగానే యున్నదని వ్రాసినచో అది సత్యము కాదు. యాత్రికులు వచ్చుట శీతకాలపు నాలుగైదు నెలలే. తక్కిన నెలలలో సభ్యుడు మరల చేపలకో కూలికో పోవలసినదే. పడవల వంతు ఎవరిది, వచ్చిన రొక్కము ఎట్లు పంచుకొనవలెను అను లెక్కలు తేటగా లేనిచోట ఏ సంఘమైనను చీలిపోవును. మన జిల్లా యువకులు సూరతు మిల్లులకు పోవుట మీ రెఱిగినదే. సంఘములలో కాపలాకు మిగులువారు తఱచు నడివయస్సు దాటినవారు. సరస్సు ఇతర తీరములలో దొంగవేట పూర్తిగా ఆగలేదు. ప్రతి శీతకాలమున కొందఱు పట్టుబడుచునే యున్నారు. అందుచేత అటవీశాఖవారు ఆ నెలలలో సరస్సు చుట్టును తాత్కాలిక కాపలా శిబిరములు వేసి, గ్రామస్థులనే అందు నియమించుచున్నారు.

ఇట్టిదే మరియొక తావు మన తెలుగుదేశపు అంచున నున్నది. ఆంధ్రలో ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న కాలమున నేను శ్రీకాకుళము జిల్లా టెక్కలి సమీపమునగల తేలినీలాపురమును చూచితిని. అక్కడ గూడబాతులును, ఎఱ్ఱకాళ్ళ కొంగలును ఇండ్ల మధ్యనున్న చింతచెట్లపై గూళ్ళు కట్టును. అవి ఊరికి శుభము తెచ్చు అతిథులని గ్రామస్థుల నమ్మిక. కనుక రెట్టల వాసనను, కలకలమును సహింతురు. వానిని సైబీరియా పక్షులనుట అక్కడ వాడుక. ఇది సవరించుకొనవలసిన మాట. ఆ రెండు జాతులును మన దక్షిణాసియావే. నీటిని బట్టి, మేతను బట్టి ఒక ప్రాంతమునుండి మరియొక ప్రాంతమునకు పోవునే గాని హిమాలయములు దాటి రావు. ఎక్కడినుండి వచ్చినను గ్రామస్థుల ఆదరమునకు లోపము లేదనుకొనుడు. కాని బడిలో చెప్పునప్పుడు సరిగా చెప్పవలెను.

మన వారి ప్రస్తావన వచ్చినది గనుక ఋషికుల్యా ముఖద్వారమును మఱువరాదు. గంజాము తీరమున ఆ నది సముద్రములో కలియుచోట, ఆలివ్ రిడ్లే యను సముద్రపు తాబేళ్ళు గుంపులుగా వచ్చి గ్రుడ్లు పెట్టునని 1994లో శాస్త్రజ్ఞులు గుర్తించిరి. 2023లో అట్లు వచ్చినవి ఆఱులక్షలకు మించినవి. ఒక్కొక్కటి నూఱుకు పైగా గ్రుడ్లను ఇసుకలో పూడ్చి మరల సముద్రమునకు పోవును. సుమారు ఏబది దినములకు పిల్లలు ఇసుక చీల్చుకొని రాత్రివేళ వెలువడును. నీటిమీది వెలుతురును చూచి సముద్రమువైపు పోవుట వాని స్వభావము. కాని గట్టుమీద దీపములు వెలుగుచున్నచో అటు పోయి, కుక్కలకు, నక్కలకు, తెల్లవారిన కాకులకు ఆహారమగును. పురుణబంధ, గోఖరకుద, పొడంపేట మొదలగు పల్లెల యువకులు సంఘముగా ఏర్పడి, ఆ రాత్రులలో తీరమంతయు తిరిగి, దారితప్పిన పిల్లలను బకెట్లలో ఏరి నీటి అంచున విడుచుచున్నారు. గట్టువైపు పోకుండ వలలు కట్టుటలో అటవీశాఖకు తోడ్పడుచున్నారు. ఆ తీరపు జాలరులలో నోలియలనబడువారి ఇంటిభాష తెలుగు. పొడంపేట పాత ఊరు చాలవఱకు సముద్రపు కోతకు పోయినది. ఇండ్లు పోగొట్టుకొన్న ఆ తీరముననే తాబేళ్ళ కాపలా సాగుచున్నది.

తల్లిదండ్రులలో కొందఱు, మన మిక్కడ కొద్దిమందిమి, ఊరి సంఘములలో మన పిల్లలు చేరినచో చదువు చెడును, భాష చెడును అని శంకింతురు. చదువు మాట నిజమే. పరీక్షల నెలలో తీరమునకు పంపుమని నేను చెప్పను. భాష చెడుననుట మాత్రము నాకు నమ్మకము కలిగింపదు. చెరువుగట్టున ఎగురు పిట్టను చూపి పేరడిగినచో మన తరగతులలో చాలమంది తెలుగులోను చెప్పలేరు, ఒడియాలోను చెప్పలేరు. తెలుగుపేర్లు అమ్మమ్మల నోట మిగిలియున్నవి: నీటికాకి, లకుముకిపిట్ట, నత్తగుల్లకొంగ, జెముడుకాకి. వానిని వ్రాసికొనువారు లేరు. అదే నీటికాకిని ఒడియావారు పాణికువా అందురు. అర్థము అక్షరాల నొకటే. లకుముకిపిట్టను మాఛరంకా అందురు. ఈ రెండు పేర్లను ప్రక్కప్రక్కన వ్రాయగల బాలుడు ఏ పక్షిరక్షక సమితికైనను పనికివచ్చును. అంతటి పని ఒక్కభాష మాత్రమే వచ్చినవానికి చేతకాదు.

చిల్కాలోను, దేశమందలి ఇతర సరస్సులలోను జనవరి నెలలో నీటిపక్షుల లెక్క జరుగును. సరస్సును భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క జట్టు పడవపై పోయి, తెల్లవారినది మొదలు ఒకేసారి లెక్కింతురు. లేనిచో ఎగిరిపోయిన గుంపే రెండవచోట మరల లెక్కకు వచ్చును. వేల పక్షులను ఒక్కొక్కటిగా లెక్కించుట సాధ్యము కాదు. మొదట నూఱు పక్షులను లెక్కించి, అవి ఎంత స్థలము నాక్రమించినవో కంటితో కొలత పెట్టుకొని, గుంపు మొత్తము అట్టివి ఎన్ని కొలతలున్నదో చూతురు. ఇంటివద్ద దీనిని అభ్యసింపవచ్చును. చేటలో గుప్పెడు మినుములు చల్లి, ఒక్క క్షణము చూచి ఎన్నియో చెప్పి, తరువాత ఏరి లెక్కపెట్టుడు. మొదట సగమునకు సగము తప్పు వచ్చును. పది దినములు చేసినచో కన్ను కుదురును.

మనకు ప్రతి ఊరికి చెరువున్నది. నెలకొక ఆదివారము ఒకే తావున నిలిచి తేదీ, వేళ, నీటిమట్టము, పక్షుల పేర్లు రెండు భాషలలోను, సంఖ్య వ్రాసియుంచుడు. మూడేండ్ల పట్టిక తయారైన పిమ్మట ఏ మాసమున ఏ పక్షి వచ్చినది, ఏ ఏడు రాలేదు అను సంగతి దానినుండియే తెలియును. దూరము పోగలవారికి ఛత్రపురము ప్రక్కన టంపర సరస్సు కలదు. అదియు ఇప్పుడు రాంసార్ పట్టికలోనిదే. అక్కడికి సూర్యోదయమునకు ముందే చేరవలెను. ఎండ ముదిరిన పిమ్మట బాతులు గట్టు విడిచి నడినీటికి తొలగిపోవును, ఎంత మంచి కంటికైనను నల్లని చుక్కలే కనబడును.