వాడని పాసు, దొరకని సెలవు
వైద్య విద్య ముగించిన భార్యతోనో భర్తతోనో ఊరెళ్లడం బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో విలాసం కాదు, ఏళ్ల తరబడి పేరుకుపోయిన బకాయి

రైల్వే ఉద్యోగం అనగానే ఇంటిల్లిపాదికీ ముందు గుర్తొచ్చేది పాసు. ఐదేళ్ల సర్వీసు నిండిన గ్రూప్-సి ఉద్యోగికి ఏడాదికి 3 సెట్ల ప్రివిలేజ్ పాసులు, గెజిటెడ్ అధికారికైతే 6 సెట్లు. మూడో వంతు ఛార్జీతో ప్రయాణించే పీటీవోలు దీనికి అదనం. భార్య లేదా భర్త, పిల్లలు అందరి పేర్లూ అదే పాసులో చేరిపోతాయి. 2020 నుంచి పాసు కోసం గుమాస్తా చుట్టూ తిరగాల్సిన పని కూడా తప్పింది. ఫోన్‌లోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఒక్కటే తిరకాసు. ఆ ఏడాది తీసుకోని పాసు మరుసటి ఏడాదికి జమ కాదు. డిసెంబర్ 31 దాటితే మురిగిపోయినట్టే.

భర్త లోకో పైలట్, భార్య మెడికల్ కాలేజీలో పీజీ విద్యార్థిని అనుకుందాం. లేదా భార్య బుకింగ్ క్లర్కు, భర్త సర్జరీ రెసిడెంట్. ఒకరి ఉద్యోగం దేశమంతా తిరిగి రమ్మని టికెట్టు చేతిలో పెడుతుంది. మరొకరి చదువు ఆదివారం కూడా ఇంటికి పంపదు. ఇలాంటి ఇంట్లో ఏటా పాసులు మురిగిపోవడం ఖాయం. తోడు లేకుండా పిల్లల్ని తీసుకుని అమ్మమ్మగారింటికి వెళ్లి రావడం ఒకటి, అందరూ కలిసి వెళ్లడం మరొకటి.

బిలాస్‌పూర్‌లో ఈ లెక్కకు ప్రత్యేకమైన బరువుంది. (ఎయిమ్స్ ఉన్న బిలాస్‌పూర్ వేరు, అది హిమాచల్‌లో ఉంది. రెండింటినీ కలిపేసుకునేవారు తక్కువేమీ కాదు.) ఛత్తీస్‌గఢ్‌లోని ఈ ఊరిని పెంచింది రైలే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్ వేసింది. అదే కంపెనీ పట్టాలు వాల్తేరునూ చేరాయి. దాంతో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మనుషులు ఖరగ్‌పూర్‌కు వెళ్లినట్టే బిలాస్‌పూర్‌కూ వచ్చారు. 1931లో విజయనగరం-రాయపూర్ లైను పూర్తయ్యాక ఊరు మరింత దగ్గరైంది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం అయ్యేనాటికి, మాట్లాడే తెలుగులో సగం హిందీ దొర్లే తరాలు ఇక్కడ పెరిగి పెద్దయ్యాయి. తాత గ్యాంగులో, తండ్రి లోకో షెడ్డులో పనిచేసిన ఇంటికి ఒక డాక్టరు రావడం అంటే అది ఒక్కరి విజయం కాదు. 2001లో బిలాస్‌పూర్‌లోనే సిమ్స్ వైద్య కళాశాల మొదలయ్యాక ఆ కల కాస్త అందుబాటులోకి వచ్చింది.

అయితే కల ఖరీదు డబ్బులో మాత్రమే కాదు, కాలంలోనూ ఉంది. ఎంబీబీఎస్‌కు నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్‌కు ఒక ఏడాది. తర్వాత నీట్ పీజీ. సీటు మొదటిసారే వస్తే అదృష్టం. ఎండీ లేదా ఎంఎస్‌కు మూడేళ్లు, సూపర్ స్పెషాలిటీ కావాలంటే మరో మూడేళ్లు. ఇరవై నిండకముందు మొదలుపెట్టినవారు ముప్పై దాటాక గానీ పుస్తకాల నుంచి తలెత్తరు. పెళ్లి, పిల్లలు, అత్తమామల ఆపరేషన్లు, చెల్లెలి నిశ్చితార్థం అన్నీ ఈ మధ్యలోనే జరిగిపోతుంటాయి. ఫొటోల్లో ఒకరు మాత్రం ఉండరు.

కాగితం మీద నిబంధనలు మెత్తగానే ఉన్నాయి. రెసిడెంట్లకు మామూలుగా ఏకధాటి డ్యూటీ 12 గంటలు మించరాదని, వారానికో సెలవు ఇవ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 1992లోనే చెప్పింది. జాతీయ వైద్య కమిషన్ 2023 నాటి పీజీ నిబంధనల్లో ఏడాదికి కనీసం 20 రోజుల క్యాజువల్ లీవు, 5 రోజుల అకడమిక్ లీవు రాసింది. వారాంతపు సెలవు కూడా ఉంది. కాకపోతే 'పని అవసరాలను బట్టి' అన్న మెలిక దాని పక్కనే ఉంది. ప్రభుత్వాసుపత్రి వార్డులో పని అవసరం లేని వారం ఏది? పైగా పీజీ మధ్యలో మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి. వైద్యపరంగా అది మంచి ఆలోచనే. ఇంట్లో వాళ్లకు మాత్రం మరో మూడు నెలల ఎడబాటు.

ఈ పరిస్థితి తీవ్రతను కమిషన్ నియమించిన టాస్క్‌ఫోర్సే 2024లో బయటపెట్టింది. దాని సర్వేలో పాల్గొన్న 5,337 మంది పీజీ విద్యార్థుల్లో 15.3 శాతం మంది తమకు మానసిక ఆరోగ్య సమస్య నిర్ధారణ అయిందని చెప్పారు. వారానికి 74 గంటలకు మించి పని చేయించవద్దని, రోజుకు 7-8 గంటలు నిద్రపోనివ్వాలని టాస్క్‌ఫోర్స్ సూచించింది. 74 గంటలంటే వారంలో ఆరు రోజులు, రోజుకు పన్నెండు గంటల పైమాటే. సంస్కరణే ఇలా ఉందంటే అసలు సంగతి ఊహించుకోవచ్చు.

అందుకే చివరి పరీక్ష ఫలితం వచ్చిన రోజు మిఠాయి పంచినంత మాత్రాన పండుగ ముగియదు. అసలు పండుగ ఆ తర్వాత దొరికే చిన్న సందులో ఉంది. ఛత్తీస్‌గఢ్ సహా చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ కళాశాలల్లో చదివినవారు బాండు ప్రకారం ప్రభుత్వం చెప్పిన చోట పనిచేయాలి. బోధనలోకి వెళ్లాలంటే సీనియర్ రెసిడెన్సీ. ఇంకా చదవాలంటే మరో ప్రవేశ పరీక్ష. పోస్టింగ్ ఉత్తర్వు వచ్చేలోపు మిగిలే ఆ కొద్ది వారాలే కుటుంబానివి. అప్పుడు బయటికి వస్తుంది రైల్వే పాసు.

ఎక్కడికి? దంపతులిద్దరినే అడిగితే సముద్రమో కొండలో అంటారు. కానీ పాసులో పేర్లు ఇద్దరివే కావు. కోర్బా-విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ బిలాస్‌పూర్ మీదుగా, టిట్లాగఢ్, రాయగడ దాటి ఒక రాత్రి ప్రయాణంలో పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం చూపిస్తుంది. కాబట్టి మొదట అరసవల్లి లేదా సింహాచలం మొక్కు. డాక్టరు కావాలని మొక్కుకున్నది అత్తగారైతే ఆ విషయంలో చర్చే ఉండదు. ఊళ్లో దిగీదిగగానే బంధువులు షుగరు రిపోర్టులు, మోకాళ్ల ఎక్స్‌రేలు పట్టుకుని వస్తారు. చదివింది పిల్లల వైద్యమైనా, కంటి వైద్యమైనా ఎవరికీ పట్టింపు లేదు. ఆర్కే బీచికి వెళ్లేసరికి సెలవులో సగం అయిపోతుంది.

ఇంకొందరు అంత దూరం పెట్టుకోరు. ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలో రతన్‌పూర్ మహామాయ గుడి, ఆ చుట్టుపక్కలే ఖుటాఘాట్ జలాశయం. కట్నీ లైనులో భన్వర్‌టోంక్ సొరంగం దాటితే పేండ్రా రోడ్, అక్కడి నుంచి నర్మద పుట్టిన అమర్‌కంటక్. ఇంటి నుంచి రైల్లో సుమారు వంద కిలోమీటర్లే. ఇన్నేళ్లూ వెళ్లలేకపోయారంటే అడ్డొచ్చింది దూరం కాదని తెలుస్తూనే ఉంది. ఇక ఆ ప్రయాణంలో డాక్టరు చేసే మొదటి పని పైబెర్తు ఎక్కి నిద్రపోవడం. కిటికీ దగ్గర కూర్చోబెట్టాలని ఎదురుచూసిన పిల్లలకు అది చిన్నతనంగా అనిపిస్తుంది. పోనీలెమ్మని ఫోను సైలెంట్‌లో పెట్టేది పక్కనున్న మనిషే.

ఈ సందు కూడా దొరకనివారి కథలు చరిత్రలో ఉన్నాయి. పోస్టాఫీసు ఉద్యోగి గోపాలరావు జోషి 1886 మార్చిలో ఫిలడెల్ఫియాలో భార్య ఆనందీబాయి వైద్య పట్టా అందుకోవడాన్ని కళ్లారా చూశాడు. ఇద్దరూ కలిసి స్వదేశం చేరారు. అప్పటికే క్షయ ముదిరిన ఆమె 1887 ఫిబ్రవరిలో, 22 ఏళ్లు నిండకుండానే పుణేలో కన్నుమూసింది. మన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో చదువు ముగించి 1923లో అమెరికా వెళ్లారు. ఆయన పేరు ప్రపంచానికి తెలిసింది. ఇక్కడ ఉండిపోయిన భార్య శేషగిరి దగ్గరకు మాత్రం ఆయన తిరిగి రాలేదు. 1948లో అక్కడే మరణించారు.

బిలాస్‌పూర్ పరిసరాల్లోనే దీనికి పూర్తి భిన్నమైన ఉదాహరణ ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో శిక్షణ పూర్తిచేసుకున్న కొందరు యువ డాక్టర్లు తమ అవసరం ఎక్కడుందో వెతుక్కుంటూ దేశం తిరిగారు. యోగేశ్-రచనా జైన్, రామన్-అంజూ కటారియా వంటి దంపతులు ఆ బృందంలో ఉన్నారు. 1996లో జన్ స్వాస్థ్య సహయోగ్ స్థాపించి, ఊరికి 20 కిలోమీటర్ల దూరంలోని గనియారీలో నీటిపారుదల శాఖ వదిలేసిన ఆవరణలో ఆసుపత్రి పెట్టారు. అచానక్‌మార్ అడవి అంచు గ్రామాల రోగులకు అదే పెద్ద దిక్కయింది. చదువయ్యాక చేసిన ప్రయాణం అక్కడే ఆగిపోయింది. అందరూ అలా చేయాలని ఎవరూ అడగలేరు. భార్యాభర్తలిద్దరూ ఒకే చోట ఉండగలిగారన్నది మాత్రం గమనించాలి. బాండు పోస్టింగుల్లో ఆ హామీ దొరకడం కష్టం.

బిలాస్‌పూర్ స్టేషన్‌లో రవీంద్రనాథ్ టాగూర్ 'ఫాంకి' కవితను ప్రదర్శించారు. 1918 నాటి 'పలాతకా' సంపుటిలోది. జబ్బుపడిన భార్య గాలి మార్పు కోసం పెళ్లయ్యాక తొలిసారి భర్తతో ఒంటరిగా ప్రయాణిస్తుంది. రైలు మారడానికి ఇదే స్టేషన్‌లో ఆరు గంటలు ఎదురుచూడాలి. భర్తకు విసుగు, ఆమెకు మాత్రం ఆ ఆరు గంటలూ సంబరమే.

ఇప్పుడు అదే ప్లాట్‌ఫాం మీద సామాను మధ్య కూర్చున్న కుటుంబాలకు తిరుగు ప్రయాణం తేదీ ముందే తెలుసు. పోస్టింగ్ ఎక్కడో ఇంకా తెలియదు. ఈ ఏడాది పాసుల్లో ఇంకా రెండు సెట్లు మిగిలే ఉన్నాయి. డిసెంబర్ 31 వరకు గడువుంది.