ఆసక్తి ఎందుకు సన్నగిల్లుతుంది?

మా అమ్మాయికి ఏడో ఏట సంగీతం మొదలుపెట్టించాం. అంతకుముందు ఎవరూ చెప్పకుండానే కూనిరాగాలు తీస్తూ ఇల్లంతా తిరిగేది. పాఠాలు మొదలయ్యాక రోజూ సాధన చేయించడానికి నేనొక ఉపాయం పన్నాను. ఫ్రిజ్ మీద కాగితం అంటించి, సాధన చేసిన రోజున ఒక నక్షత్రం, పది నక్షత్రాలకి ఒక బొమ్మ అన్నాను. మూడేళ్ళు బ్రహ్మాండంగా సాగింది. తర్వాత బొమ్మల మీద మోజు తీరింది, దాంతో సాధనా ఆగింది. చిత్రమేమిటంటే, ఆ పాత కూనిరాగాలు కూడా మళ్ళీ వినిపించలేదు!

ఆరంభశూరత్వమని అప్పట్లో పిల్లమీదే కోప్పడ్డాను. పొరపాటు ఎక్కడ జరిగిందో చాలా ఏళ్ళకి గానీ నాకు తెలిసిరాలేదు.

1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు శిశుపాఠశాలలో తాము చేసిన ఒక ప్రయోగాన్ని ప్రకటించారు. రంగు పెన్నులతో బొమ్మలు వేయడం ఇష్టమైన పిల్లల్ని మూడు జట్లు చేశారు. బొమ్మ వేస్తే బంగారు నక్షత్రమూ రిబ్బనూ ఉన్న ప్రశంసాపత్రం ఇస్తామని మొదటి జట్టుకి ముందే చెప్పి ఇచ్చారు. రెండో జట్టుకి ముందు చెప్పకుండా, వేశాక ఇచ్చారు. మూడో జట్టుకి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాలయ్యాక ఆ పెన్నుల్ని మళ్ళీ తరగతిలో ఊరికే పెట్టి చూశారు. మొదటి జట్టు పిల్లలు మిగతావాళ్ళతో పోలిస్తే దాదాపు సగం సేపే వాటితో గడిపారు. ఆటగా ఉన్నది కూలిపనిగా మారిందన్నమాట!

బహుమతులన్నీ చెడ్డవని కాదు. అనుకోకుండా అందిన కాగితం రెండో జట్టుకి ఏ హానీ చేయలేదు. అసలు ఇష్టమే లేని పనికి తాయిలం అక్కరకు రావచ్చు కూడా. ఉన్న ఇష్టానికి ముందుగా వెల కట్టినప్పుడే చిక్కు.

పిల్లలు పెద్దయ్యేసరికి మన ఇళ్ళలో ఆ వెల పేరు మారుతుంది, అంతే. "కాలేజీ అప్లికేషన్లో రాసుకోవచ్చు" అంటాం. సీటు రాగానే వయొలిన్ పెట్టె అటకెక్కుతుంది. సాంకేతిక చదువులదీ ఇదే కథ. చిన్నప్పుడు చేతికందిన ప్రతి వస్తువునీ విప్పి చూసిన కుర్రాడే, ఇంజనీరింగు రెండో ఏడాదికి "ఇది పరీక్షకి వస్తుందా?" అని మాత్రమే అడుగుతాడు.

ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్ అనే మరిద్దరు శాస్త్రజ్ఞులు ఆసక్తి నిలవడానికి మూడు కావాలన్నారు. ఇది నేను ఎంచుకున్నదే అన్న స్వేచ్ఛ, నాకు చేతనవుతోంది అన్న నమ్మకం, తోటివాళ్ళ సాంగత్యం.

ఇందులో రెండోది మన సంగీత పాఠాల వరుసలోనే ఉంది. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, ఆ తర్వాతే వర్ణం. ఒక్కో సరళినీ మూడు కాలాల్లో పాడిస్తారు. నిన్న రానిది ఇవాళ వచ్చిందని నేర్చుకునేవారికి తమకే తెలుస్తుంది. కాల్క్యులస్ అయినా, ప్రోగ్రామింగ్ అయినా ఇంతే. పుస్తకమంతా పూర్తిచేయాలని బెంగపడేకంటే, ఈ రాత్రి ఒక్క లెక్క తేల్చడం, ఒక చిన్న ప్రోగ్రాము నడిపి చూడటం మేలు.

చదువు, కళ రెండూ కుదురుతాయా అని అడిగేవారికి డాక్టర్ శ్రీపాద పినాకపాణి గారు (1913–2013) ఉన్నారు. వృత్తి వైద్యం, వైద్య కళాశాలలో ఆచార్య పదవి. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వెంకటేశ్వర్లు గార్ల వంటి విద్వాంసులు ఆయన శిష్యులు. 1983లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదునిచ్చింది. పొట్టకూటికి సంగీతం అక్కర్లేని మనిషి ఆయన. ఇష్టంతోనే పట్టుకున్నారు, ఇష్టంతోనే పంచారు.

మా అమ్మాయి ఇప్పుడు ఇంజనీరింగు చదువుతోంది. మొన్న శీతాకాలం సెలవులకి వచ్చింది. పాడమని నేను అడగలేదు. ఓ సాయంత్రం శ్రుతిపెట్టె పెట్టుకుని, ఈ వయసులో నేనే సరళీ స్వరాలు మొదలుపెట్టాను. కాసేపటికి మేడమీంచి కేక వినిపించింది.

"నాన్నా, రిషభం పైకి పోతోంది!"

దిగి వచ్చి పక్కన కూర్చుంది. మాయామాళవగౌళలో రిషభం ఎక్కడ నిలవాలో పాడి చూపించింది. మర్నాడు కూడా వచ్చింది. ఈసారి నక్షత్రాలేమీ అంటించలేదు.